గుండెపోటు తరువాత కడుపు పండాలంటే

గుండెపోటు అరవై దాటిన మగవారి జబ్బు అనే నమ్మకం మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇంకా బలంగానే ఉంది. అందుకే ముప్పై ఏళ్ల ఇల్లాలు గుండెల్లో పట్టేసినట్టుందని చెప్పినా, చెమటలు కమ్మి వాంతి చేసుకున్నా, గ్యాస్ అనుకుని వామునీళ్లు తాగించి పడుకోబెడుతున్నారు. ఆ గండం దాటి బతికి బయటపడిన స్త్రీకి కొద్ది రోజుల్లోనే ఎదురయ్యే ప్రశ్న పిల్లల గురించినదే. ఈ నెల అందిన ఉత్తరాల్లో నాలుగు ఇదే విషయం మీద ఉన్నాయి. కాబట్టి మిగిలినవాటిని పక్కన పెట్టి వీటికే సమాధానం ఇస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారూ, నా వయసు 32. ప్రైవేటు బడిలో టీచరుగా పనిచేస్తున్నాను. పెళ్లయి నాలుగేళ్లు. రెండేళ్ల క్రితం గుండెపోటు వస్తే విశాఖలో స్టెంట్ వేశారు. మొన్న తీసిన ఎకోలో (గుండె స్కానింగులో) ఈఎఫ్ 50 అని ఉంది. ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్, రామిప్రిల్, మెటోప్రొలాల్ వాడుతున్నాను. గుండెజబ్బు మనిషికి పిల్లలెందుకని అత్తవారు అంటున్నారు. ఒక్క కాన్పైనా కాకపోతే ఎలాగని అమ్మ ఏడుస్తోంది. నేను తల్లిని కావచ్చా?
- ఒక సోదరి, రాజాం, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే మీకు దారి మూసుకుపోలేదు. అయితే ఆ దారిలో అడుగు పెట్టడానికి ముందు చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. అవి నెల తప్పిన తరువాత చేసేవి కావు, నెల తప్పకముందే పూర్తి కావలసినవి. మీరు ముందుగానే అడిగారు. ఇలాంటి ప్రశ్న నా దగ్గరకు ఎక్కువగా మూడో నెలలోనో నాలుగో నెలలోనో వస్తుంది, అప్పటికి చేయగలిగినది సగానికి తగ్గిపోయి ఉంటుంది.

గర్భం గుండెకు ఎందుకు బరువో ముందు చెబుతాను. గర్భిణి ఒంట్లో రక్తం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. నాడి నిమిషానికి 10 నుంచి 20 సార్లు ఎక్కువగా కొట్టుకుంటుంది. గుండె ప్రతి నిమిషం బయటకు పంపే రక్తం 30 నుంచి 50 శాతం పెరిగి, ఏడో నెల, ఎనిమిదో నెలల్లో అంటే 28 నుంచి 32 వారాల మధ్య శిఖరానికి చేరుతుంది. దీనికి తోడు, కాన్పులో రక్తం ఎక్కువగా పోకుండా ప్రకృతి చేసిన ఏర్పాటు వల్ల గర్భిణుల్లో రక్తం తేలికగా గడ్డకడుతుంది, ఆ గుణం కాన్పయ్యాక ఆరు వారాల దాకా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న గుండె ఈ భారాన్నంతా మోసేస్తుంది. ఒకసారి దెబ్బ తిని కొంత కండరం మచ్చగా మారిన గుండె ఎంత మోయగలదనేది మిగిలిన కండరం బలాన్ని బట్టి ఉంటుంది.

ఆ బలాన్ని కొలిచే అంకెలలో ముఖ్యమైనది మీ ఎకోలో ఉన్న ఈఎఫ్. ఎడమ గదిలో నిండిన రక్తంలో ప్రతి కొట్టుకోవడంలో ఎన్ని శాతం బయటకు వెళుతోందో అది చెబుతుంది. ఐరోపా హృద్రోగ నిపుణుల సంఘం 2018లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, ఈఎఫ్ కొద్దిగానే తగ్గి 45కు పైన ఉన్నవారిలో 10 నుంచి 19 శాతం మందికి గర్భకాలంలో గుండె సంబంధమైన ఏదో ఒక ఇబ్బంది రావచ్చు. 30 నుంచి 45 మధ్య ఉంటే అది 19 నుంచి 27 శాతం. 30కి తక్కువ ఉన్నప్పుడు మాత్రం 40 శాతం నుంచి మొదలవుతుంది కాబట్టి గర్భం వద్దనే చెబుతారు. మీరు మొదటి వర్గంలో ఉన్నారు. పది మందిలో ఒకరిద్దరికి ఇబ్బంది రావచ్చంటే చిన్న మాట కాదు, అలాగని ఆశ వదులుకోవలసిన మాటా కాదు. మీ అత్తవారికీ అమ్మగారికీ కూడా ఈ అంకెలు చూపించండి. ఒకరి భయమూ మరొకరి కన్నీళ్లూ కాకుండా, ఈ అంకెలు చూసుకుని మీరూ మీ వారూ కలిసి నిర్ణయం తీసుకోవాలి.

గుండెపోటు వచ్చాక కనీసం ఏడాది ఆగమని చెబుతాము. మీకు రెండేళ్లు గడిచాయి కనుక ఆ షరతు తీరింది. ఇక ముప్పై ఏళ్లకే గుండెపోటు ఎందుకు వచ్చిందో మీ ఉత్తరంలో లేదు. అది తెలియకుండా ముందుకు వెళ్లకూడదు. మధుమేహమా, వంశంలో వచ్చే అధిక కొలెస్టరాలా, రక్తం గడ్డలు కట్టే గుణమా, లేక రక్తనాళపు గోడ చీలడమా అనేదాన్ని బట్టి సలహా పూర్తిగా మారిపోతుంది. పదేపదే గర్భం పోవడానికి కారణమయ్యే యాంటీఫాస్ఫోలిపిడ్ అనే రక్తదోషం యువతుల్లో గుండెపోటుకూ కారణం కావచ్చు, దాన్ని రక్తపరీక్షతో కనుక్కోవచ్చు. మీ పాత యాంజియోగ్రామ్ సీడీని, డిశ్చార్జి కాగితాలను బీరువాలోంచి తీసి గుండె వైద్యుడికి మళ్లీ చూపించండి. పరుగుబల్ల పరీక్ష (టీఎంటీ), హిమోగ్లోబిన్, థైరాయిడ్, మూడు నెలల సగటు చక్కెర (హెచ్‌బీఏ1సీ), మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చేయించండి. మధుమేహం ఉంటే ఆ సగటు 6.5 లోపుకు వచ్చాకే గర్భానికి సిద్ధపడాలి. క్రియాటినిన్ గురించి మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసి వస్తోంది. ఉద్దానం మండలాల్లో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని తిన్నదో మనకు తెలుసు. ఆ వైపు పుట్టి పెరిగినవారు గుండెతో పాటు మూత్రపిండాలనూ చూపించుకోకుండా గర్భం ధరించడం మంచిది కాదు.

మాత్రల సంగతి. ఆస్పిరిన్ తక్కువ మోతాదులో గర్భమంతా వాడవచ్చు, మీరు వాడాలి కూడా. మెటోప్రొలాల్ కొనసాగించవచ్చు. అదే కుటుంబానికి చెందిన అటెనొలాల్ మాత్రం బిడ్డ ఎదుగుదలను తగ్గిస్తుంది కాబట్టి అది వాడేవారు మార్పించుకోవాలి. రామిప్రిల్ గర్భంలో ఉండకూడని మందు. నాలుగో నెల నుంచి అది బిడ్డ మూత్రపిండాలను దెబ్బ తీస్తుంది, దానితో ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ కూడా అంతే. అయితే మీ గుండె కండరాన్ని కాపాడుతున్నదీ ఆ రామిప్రిలే కావచ్చు కనుక, వైద్యుడి పర్యవేక్షణలో ముందే ఆపి, మూడు నెలల తరువాత మళ్లీ ఎకో తీయించి, ఈఎఫ్ పడిపోలేదని తేలాక గర్భానికి ప్రయత్నించడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా క్షేమమైన పద్ధతి. రక్తపోటు కోసం లాబెటలాల్, నిఫెడిపిన్ వంటివి ఇస్తారు. అటోర్వాస్టాటిన్‌ను సాధారణంగా గర్భకాలంలో ఆపుతారు. వంశపారంపర్యంగా కొలెస్టరాల్ చాలా ఎక్కువగా ఉన్నవారి విషయంలో వైద్యులు వేరుగా ఆలోచించవచ్చు.

ఈ మార్పులు జరిగే మూడు నాలుగు నెలలూ గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. అందుకని మాలా-ఎన్, మాలా-డి వంటి మాత్రలు మాత్రం వేసుకోకండి. వాటిలోని ఈస్ట్రోజెన్ రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతుంది కాబట్టి గుండెపోటు వచ్చిన స్త్రీకి అవి పనికిరావు. ఈ కొద్దికాలానికి నిరోధ్ చాలు.

ప్రశ్న: నా భార్యకు 35 ఏళ్లు. ఏడాది క్రితం గుండెపోటు వచ్చింది. స్టెంట్ ఉంది. అనుకోకుండా ఇప్పుడు రెండో నెల. టెల్మిసార్టాన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, కొలెస్టరాల్ మాత్ర వాడుతోంది. బిడ్డకు ఏమవుతుందోనన్న భయంతో పది రోజులుగా అన్ని మాత్రలూ మానేసింది. తీయించేద్దామని ఇంట్లో అంటున్నారు. మెడికల్ షాపులో మాత్రలు దొరుకుతాయట. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: ఈ పత్రిక మీ చేతికి అందిన రోజునే ఆమెను గుండె వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్లండి. స్టెంట్ ఉన్న మనిషి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఒక్కసారిగా మానేస్తే స్టెంట్‌లోనే రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. బిడ్డ కోసం చేసిన త్యాగమనుకుంటున్నది తల్లినీ బిడ్డనూ కలిపి ప్రమాదంలో పెడుతుంది. ఆస్పిరిన్ ఆపవలసినది కానే కాదు. క్లోపిడోగ్రెల్ ఇంకా అవసరమా కాదా అనేది స్టెంట్ వేసిన తేదీని, రకాన్ని చూసి వైద్యుడు చెబుతాడు. సాధారణంగా గుండెపోటు తరువాత ఏడాది వరకు వాడమంటారు, ఆ గడువు మీకు ఇంచుమించు పూర్తయింది. టెల్మిసార్టాన్, కొలెస్టరాల్ మాత్ర మానడం వరకు సరైనదే, కానీ టెల్మిసార్టాన్ స్థానంలో రక్తపోటుకు వేరే మందు పడాలి.

మొదటి వారాల్లో ఆ మాత్రలు వేసుకున్నంత మాత్రాన బిడ్డ అవిటిగా పుడుతుందని భయపడవద్దు, ఆ కారణంతోనే గర్భం తీయించనూ వద్దు. వాటి వల్ల అసలైన హాని నాలుగో నెల నుంచి మొదలవుతుంది. అయిదో నెలలో, అంటే 18 నుంచి 20 వారాలప్పుడు తీసే టిఫా స్కానింగులో బిడ్డ అవయవాలన్నిటినీ వివరంగా చూస్తారు.

గర్భం ఉంచుకోవాలా వద్దా అనేది ఎకో మీద ఆధారపడి ఉంటుంది. ఈఎఫ్ 30కి తక్కువైనా, ఇంట్లో నాలుగడుగులు వేస్తేనే ఆయాసం వస్తున్నా, తల్లి ప్రాణం కోసం గర్భాన్ని తొలి నెలల్లోనే తీయించుకోమని మేము చెబుతాము. ఆ మాట చెప్పడం మాకూ తేలిక కాదు. ఈఎఫ్ బాగుంటే కొనసాగించవచ్చు. తీయించుకోవలసి వచ్చినా అది గుండె వైద్యుడు అందుబాటులో ఉన్న ఆసుపత్రిలోనే జరగాలి. రక్తం పలచబడే మందులు వాడే స్త్రీ షాపులో కొన్న మాత్రలు ఇంట్లో మింగితే రక్తస్రావం ఆగకుండా ప్రాణం మీదకు వస్తుంది. 2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుడి అభిప్రాయంతో గర్భస్రావం చేయవచ్చు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె అంగీకారం ఒక్కటే కావాలి, భర్తదీ అత్తమామలదీ అవసరం లేదు. "తీయించేద్దామని ఇంట్లో అంటున్నారు" అని రాశారే గాని ఆమె ఏమంటోందో మీరు రాయలేదు. దయచేసి ముందు ఆమెను అడగండి.

ప్రశ్న: మా అమ్మాయికి మొదటి కాన్పు అయిన పదో రోజున గుండెపోటు వచ్చింది. యాంజియోగ్రామ్‌లో కొవ్వు అడ్డంకి లేదని, రక్తనాళం గోడ దానంతటదే చీలిందని చెప్పారు. ఇప్పుడు బాగానే ఉంది, పాపకు మూడేళ్లు. రెండో కాన్పుకు వెళ్లవచ్చా?
- ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: అమ్మా, వెళ్లవద్దనే నా సలహా. గర్భిణుల్లో, బాలింతల్లో వచ్చే గుండెపోట్లకు మొదటి కారణం ఇలా నాళం చీలడమే. చివరి నెలల్లోనూ కాన్పయిన తొలి వారాల్లోనూ ఇది ఎక్కువ. గర్భంలో పెరిగే హార్మోన్లు నాళాల గోడలను మెత్తబరుస్తాయని, అందుకు కాన్పు శ్రమ, పెరిగిన రక్తప్రవాహం తోడవుతాయని వైద్యులు భావిస్తున్నారు. ఒకసారి చీలినవారికి గర్భం లేకపోయినా మళ్లీ చీలే అవకాశం ఉంటుంది. మళ్లీ గర్భం ధరించి క్షేమంగా బయటపడినవారూ ఉన్నారు. అయినా మూడేళ్ల పాపకు తల్లి అయిన మీ అమ్మాయిని ఆ పందెంలోకి దించమని నేను చెప్పలేను.

గర్భం రాకుండా ఉండడానికి ఆమెకు కాపర్-టీ మంచి సాధనం. అందులో హార్మోను ఉండదు, 380ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది. శాశ్వతంగా కావాలంటే మీ అల్లుడు గారు వేసెక్టమీ చేయించుకోవడం అన్నిటికన్నా సులువు. అది కోత కుట్లు లేకుండా నిమిషాల్లో ముగిసే చిన్న చికిత్స, మగతనానికి ఏ లోటూ రాదు. గుండెకు దెబ్బ తగిలిన స్త్రీనే మళ్లీ ఆపరేషన్ బల్ల మీదకు పంపడం న్యాయం కాదని ఆయనకు మీరైనా చెప్పండి. ఇంకో బిడ్డ కావాలనే కోరిక బలంగా ఉంటే కేంద్ర దత్తత సంస్థ ద్వారా చట్టబద్ధంగా దత్తత తీసుకునే మార్గం ఉంది.

ప్రశ్న: నాకు గుండెపోటు వచ్చి మూడేళ్లయింది, స్టెంట్ ఉంది. గుండె వైద్యుడి సలహా తీసుకునే గర్భం ధరించాను. ఇప్పుడు ఏడో నెల నడుస్తోంది. ఈఎఫ్ 52. పురిటికి పుట్టింటికి రమ్మని అమ్మ పట్టుబడుతోంది. మాది ఇచ్ఛాపురం దగ్గర పల్లె, ప్రస్తుతం ఉంటున్నది విజయనగరంలో. సిజేరియన్ తప్పదని అందరూ అంటున్నారు. బాలింతగా ఏమి తినాలి?
- ఒక సోదరి, విజయనగరం

జవాబు: తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం, అందులో ఉన్న ఆప్యాయతను నేను కాదనను. కానీ మీ విషయంలో అమ్మే మీ దగ్గరకు రావాలి. మీకు కావలసినది గుండె వైద్యుడు, ప్రసూతి వైద్యురాలు, మత్తు వైద్యుడు, నవజాత శిశువుల విభాగం ఒకే ఆవరణలో ఉన్న ఆసుపత్రి. విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్ద బోధనాసుపత్రిలో అది సాధ్యం, విజయనగరం నుంచి అక్కడికి గంటన్నరలో చేరవచ్చు. ఇచ్ఛాపురం నుంచి జాతీయ రహదారి మీద జిల్లా అంతా దాటితే గాని విశాఖ రాదు. గుండెపోటులో ప్రతి నిమిషానికీ కొంత కండరం చచ్చిపోతుంటే ఆ దూరం చాలా ఎక్కువ. ఎనిమిదో నెల దాటగానే విశాఖలోనే బంధువుల ఇంట ఉండే వీలుంటే మరీ మంచిది. ఎన్టీఆర్ వైద్యసేవ కాగితాలు, చివరి ఎకో, మీరు వాడే మందుల చీటీ ఒక సంచిలో పెట్టి ఇంట్లో అందరికీ చూపించి ఉంచండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో జరిగే గర్భిణుల పరీక్షకు వెళ్లి, మీ తల్లీబిడ్డల కార్డు మీద ప్రమాద గర్భాన్ని సూచించే ఎర్ర స్టిక్కర్ ఉందో లేదో చూసుకోండి. మీ ఊరి ఆశా కార్యకర్తకు, ఏఎన్ఎంకు మీ గుండె సంగతి దాచవద్దు.

సిజేరియన్ తప్పదన్నది నిజం కాదు. గుండె నిలకడగా ఉన్న స్త్రీలలో ఎక్కువ మందికి మామూలు కాన్పే మేలు. రక్తం తక్కువ పోతుంది, ఇన్ఫెక్షన్, గడ్డల భయం తక్కువ. నడుముకు మత్తు ఇచ్చి నొప్పి తగ్గిస్తారు, ఎందుకంటే నొప్పి, భయం నాడిని, రక్తపోటును పెంచుతాయి. చివరి దశలో మిమ్మల్ని ఎక్కువసేపు ముక్కనివ్వకుండా వ్యాక్యూమ్ సాయంతో బిడ్డను తీస్తారు. బిడ్డ అడ్డం తిరగడం వంటి ప్రసూతి కారణాలు ఉన్నప్పుడో, గుండె వైఫల్యం మొదలైనప్పుడో మాత్రమే కోత అవసరం. క్లోపిడోగ్రెల్ ఇంకా వాడుతుంటే, నడుము మత్తుకు కనీసం 7 రోజుల ముందు దాన్ని ఆపవలసి ఉంటుంది కాబట్టి ఇప్పుడే అడిగి తెలుసుకోండి. కాన్పు గదిలో ఉన్నవారికి ఒక విషయం గుర్తు చేయమని మీ వారికి చెప్పి ఉంచండి: మాయ పడ్డాక రక్తం ఆగడానికి మామూలుగా ఇచ్చే మెథర్జిన్ ఇంజెక్షన్ గుండె నాళాలను బిగదీస్తుంది కనుక మీకు ఇవ్వకూడదు, ఆక్సిటోసిన్‌ను సెలైన్‌లో నెమ్మదిగా ఇస్తారు. వారికి తెలియదని కాదు, హడావిడిలో గుర్తుచేసే మనిషి పక్కన ఉండడం మంచిది.

ప్రతి నొప్పికీ గర్భసంచి పిండుకుని 300 నుంచి 500 మిల్లీలీటర్ల రక్తం గుండె వైపు వెళుతుంది. బిడ్డ పుట్టాక అంతవరకు గర్భసంచిలో తిరిగిన రక్తం కూడా తిరిగి వచ్చేస్తుంది. అందుకే గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించేది కాన్పయ్యాక మొదటి రెండు మూడు రోజుల్లో. బిడ్డను చూసి అందరూ సంతోషంలో ఉండి తల్లిని మరచిపోయేదీ ఆ రోజుల్లోనే. కనీసం 72 గంటలు ఆసుపత్రిలోనే ఉండండి, మూడో రోజున ఇంటికి పంపమని బతిమాలవద్దు.

ఇప్పటి నుంచి కాన్పయ్యాక ఆరో వారం వరకు ఇంట్లోవారు గమనించవలసినవి చెబుతాను. గర్భిణికి మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రం పాదాల వాపు సహజమే. కానీ నిన్నటిదాకా ఒక దిండు మీద నిద్రపోయిన మనిషి మూడు దిండ్లు పెట్టుకున్నా పడుకోలేకపోవడం, అర్ధరాత్రి ఊపిరాడక లేచి కూర్చోవడం, నురగ కళ్లె పడే దగ్గు, స్పృహ తప్పడం, గుండెల్లోనో దవడలోనో వీపులోనో బరువుగా నొప్పి, చల్లటి చెమట సహజం కావు. ఊపిరాడకపోతే కూర్చోబెట్టి, స్పృహ తప్పితే ఎడమ పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టి వెంటనే 108కు ఫోన్ చేయాలి, ఆసుపత్రిలో ఈసీజీతో పాటు ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బ తింటే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష అడగాలి. గర్భం వల్ల ట్రోపోనిన్ పెరగదు, కాబట్టి అది పెరిగిందంటే గుండెనే చూడాలి. అవసరమైతే గర్భంలోనైనా యాంజియోప్లాస్టీ చేస్తారు. బిడ్డకు చేరే ఎక్స్‌రే కిరణాలు చాలా స్వల్పం, వాటికి భయపడి తల్లి చికిత్సను ఆపడం పెద్ద పొరపాటు.

తిండి విషయంలో మన వైపు చోడి (రాగి) అంబలి, ఆకుకూరలు, పప్పు, గుడ్డు, తాజా చేపలు మీకు చక్కగా సరిపోతాయి. ఉప్పులో ఊరిన ఎండుచేపలు, ఆవకాయ, అప్పడాలు తగ్గించండి. ఉప్పు ఎక్కువైతే నీరు ఒంట్లో నిలిచి గుండె మీద పడుతుంది. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం పలచగా ఉంటే గుండె మరింత వేగంగా కొట్టుకోవలసి వస్తుంది కనుక హిమోగ్లోబిన్ 11కు తగ్గకుండా చూసుకోండి. బాలింతకు నీళ్లు తాగనివ్వకుండా, కూరగాయలు పెట్టకుండా వారాల తరబడి కఠిన పథ్యం ఉంచడం మీకు తగదు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి గడ్డకట్టే భయం ఇంకా పెరుగుతుంది. వైద్యుడు నీటికి కొలత చెబితే ఆ కొలత పాటించండి.

ఇంట్లో పెద్దవారికి చుట్ట, అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం) తాగే అలవాటు ఉంటే, మీరున్న గదిలో ఆ పొగ ఉండకూడదని నా మాటగా చెప్పండి. అది మీ నాళాలకూ పసిబిడ్డ ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది.

బిడ్డకు పాలివ్వవచ్చు. ఆస్పిరిన్ తక్కువ మోతాదు, మెటోప్రొలాల్ అందుకు అడ్డం కావు. గర్భంలో ఆపిన మందుల అవసరం మళ్లీ ఉంటే ఎనలాప్రిల్ పాలిచ్చే తల్లికి ఇవ్వగలిగిన మందు. కొలెస్టరాల్ మాత్రను ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలో గుండె వైద్యుణ్ణి అడగండి. ఏ కారణం చేతనైనా పాలు ఆపవలసి వస్తే బ్రోమోక్రిప్టిన్ మాత్ర మాత్రం వేసుకోవద్దు, అది గుండె నాళాలను ముడుచుకునేలా చేయగలదు. ఆరో వారంలో బిడ్డకు టీకాలు వేయించడానికి వెళ్లిన రోజునే మీరూ ఎకో తీయించుకోండి.